ఫ్యాక్టరీ మార్కులు నా చేతికి పడ్డ రోజు

కొత్త పిస్తోలు పెట్టె మూత తీయగానే ఒక వాసన వస్తుంది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసి పంపే చిక్కటి నూనె వాసన, దానికి తోడు సముద్రం దాటి వచ్చిన అట్ట వాసన. మస్కట్‌లోని ఘాలాలో, మా వర్క్‌షాపులో ఈ ఉదయం అలాంటి పెట్టెలు ఆరు విప్పాను. నా పక్క బల్ల మీద పనిచేసే కేరళ ఆయన ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గబగబా తుడిచేస్తాడు. నాకు మాత్రం ఆ వాసన ఇష్టం. అది రాగానే లింబాద్రి కాక గుర్తుకొస్తాడు. ఏ పెట్టె విప్పినా ఆయన ముందు వాసన చూసేవాడు. పచ్చడి జాడీ మూత తీసిన ఇల్లాలిలా కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగి, "నూనె మంచిగనే పూసిండ్రు. లోపల ఏం దాసిండ్రో జూద్దాం" అనేవాడు.

మీరు ఆయన్ని చూడలేదు. చూసినా పట్టించుకునేవారు కాదు. బక్కపలచటి మనిషి, నెరిసిన మీసం, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన కంపెనీ ప్యాంటు. చొక్కా జేబులో దారం కట్టిన చిన్న భూతద్దం ఒకటి ఎప్పుడూ ఉండేది. మాది ఆర్మూరు పక్కన, ఆయనది భీమ్‌గల్ వైపు. సైన్యంలో ఆయుధాల మరమ్మతు పని చేసి, హవల్దారుగా రిటైరై, ఆ తర్వాత ఒమన్ వచ్చాడు. మా కంపెనీ లైసెన్సు ఉన్న షూటింగ్ క్లబ్బులకు పిస్తోళ్లు తెప్పించి ఇస్తుంది, పాడైతే బాగుచేస్తుంది. ఏ దేశపు ఫ్యాక్టరీ పని ఎలా ఉంది, ఇచ్చే ధరకు ఏది తగినది అని పోల్చి రిపోర్టు రాయడం కాక డ్యూటీ. ఆయన సంతకం ఉందంటే క్లబ్బువాళ్లు రెండో ప్రశ్న అడిగేవారు కాదు.

నేను మస్కట్ వచ్చింది పిస్తోళ్ల కోసం కాదు. ఐటీఐలో ఫిట్టర్ చదివి, అల్ అమెరాత్‌లో కడుతున్న ఇళ్లకు మెట్ల రెయిలింగులు బిగించే పనికి వచ్చాను. ఈ పిస్తోళ్ల కంపెనీ యజమాని అర్బాబ్ అక్కడ సొంత ఇల్లు కట్టిస్తున్నాడు. ఒకరోజు కాకను వెంటబెట్టుకుని సైటుకు వచ్చాడు. అర్బాబ్ గోడలూ రంగులూ చూస్తుంటే కాక మాత్రం రెయిలింగు అడుగు భాగాన వేలు పెట్టి, కిందినుంచి పైదాకా తడుముకుంటూ మెట్లెక్కాడు. పైన నేను నిలబడి ఉన్నాను. ఏదో తప్పు పట్టేస్తాడనుకున్నాను.

"ఇది ఎవలు చేసిండ్రు?" అని అడిగాడు, నా మొహం చూసి తెలుగువాడినని ఎలా పట్టాడో ఏమో.

"నేనే చేసిన."

"అడుగుపొంటి గింత సాపు ఎందుకు చేసినవ్? ఈడ ఎవలు జూస్తరు?"

"ఎవలు జూడరు గని పిల్లలు చెయ్యి పెడ్తరు గద. గీసుకపోతది" అన్నాను.

నెల తిరిగేసరికి నా కాగితాలు ఈ కంపెనీకి మారాయి. ఎవరి దయ అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "నీ వేలి దయ" అని కొట్టిపారేసేవాడు. నన్ను ఇంతవాణ్ణి చేసింది ఆ వేలు కాదు, దాన్ని గుర్తుపట్టిన ఆయన వేలు. ఈ మాట ఆయన ముందు అనుంటే తిట్టేవాడు.

ఆయన పోల్చే పద్ధతి చిత్రంగా ఉండేది. ముందుగా ప్రతి పిస్తోలు మీదా ఉండే ఫ్యాక్టరీ గుర్తును నల్ల టేపుతో మూసేసేవాడు. సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసేవాడు. వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఏ పిస్తోలు ఎవరిదో ఆకారం చూస్తేనే తెలియదా? అదే అడిగాను.

"తెలుస్తది. తెల్వకుంటెట్లుంటది?" అన్నాడు. "గని పేరు కండ్లకు కనవడ్తుంటె చెయ్యి అబద్ధం చెప్తది రా. పెద్ద పేరు జూస్తె గరుకు గూడ సాపు అనిపిస్తది. చిన్న పేరు జూస్తె సాపుది గూడ గరుకు అనిపిస్తది. మూసిపెడితె జెర బుద్ధి ఉంటది చేతికి."

ఆ మొదటి రోజు మూడు పిస్తోళ్లు నా ముందు పెట్టి ఏది మేలో చెప్పమన్నాడు. పైన నల్లగా నిగనిగలాడుతున్నదాన్ని తడుముకోకుండా చూపించాను. ఆయన దాన్ని విప్పి, లోపలివైపు టార్చి వేసి, భూతద్దం నా కంటికి ఆనించాడు. లోపల కత్తి గాట్లు, చెక్కి వదిలేసిన అంచులు. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే. రెండోది చూడడానికి సాదాగా ఉంది. దాని పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్ కింద, కొన్నవాడు జన్మలో చూడని మూలలో కూడా అంచులు వేలికి మెత్తగా తగిలాయి.

"ఈడ ఎవలు జూడరు. అయిన ఆడు సాపు జేసిండు" అన్నాడు కాక, ఎక్కడో పేరు తెలియని దేశంలో మిషను ముందు నిలబడే ఆ పనివాణ్ణి తలచుకుని. ఆ గొంతులో నిజంగా గౌరవం ఉంది. అప్పటిదాకా పిస్తోలు అంటే నాకు భయమే. దాని వెనకాల ఒక పనివాడు ఉంటాడని ఆ రోజే మొదటిసారి తోచింది.

ఒకే ఫ్యాక్టరీ నుంచి మూడేసి పిస్తోళ్లు తెప్పించి, మూడింటినీ విప్పి, భాగాలన్నీ ఒక పళ్లెంలో కలగాపులగం చేసి, మళ్లీ బిగించమనేవాడు. దీని గొట్టం దానికి, దాని స్ప్రింగు దీనికి. ఎక్కడా కొట్టాల్సిన పని లేకుండా మూడూ బిగుసుకుంటే ఆ ఫ్యాక్టరీలో కొలతలకు విలువ ఉన్నట్టు. ఒకసారి బాగా పేరుమోసిన పిస్తోళ్లు ఆ పళ్లెం దగ్గరే తేలిపోయాయి. ఒకదాని గొట్టం ఇంకొకదానిలో కూర్చోనే లేదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని నేను నవ్వాను. కాక నవ్వలేదు. "నవ్వుడు కాదు, రాసుకో. మల్ల వచ్చినప్పుడు జూద్దాం. మనిషికి లెక్కనే ఫ్యాక్టరీకి గూడ చెడ్డ రోజులుంటయి" అన్నాడు.

ధర ఎక్కువైతే పిరం, తక్కువైతే అగ్గువ అంటాం కదా, ఆ మాటలు కూడా ఆయన మనలా వాడేవాడు కాదు. ధర తక్కువ అని దేన్నీ తీసిపారేయలేదు, ఎక్కువ అని దేనికీ దణ్ణం పెట్టలేదు. విడిభాగాలు ఎన్ని రోజులకు వస్తాయి, తూటాలు నింపే మ్యాగజైను అంచులు ఎన్నాళ్లకు వంగుతాయి, కొత్త మనిషి చేతిలో అది ఎలా నడుస్తుంది అని అడిగేవాడు. "కొనేటప్పుడు అగ్గువ, వాడేటప్పుడు పిరం అయితె అది పిరమే" అనేవాడు. ఈ తూకం నేను తర్వాత చెప్పులు కొనేటప్పుడూ, ఫోను కొనేటప్పుడూ వాడాను. పెళ్లిచూపుల్లో కూడా వాడబోయి మా అక్క చేత చీవాట్లు తిన్నాను.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఈ పనిలో నాకు మూడో ఏడు నడుస్తోంది. ఒక క్లబ్బు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం నలభై పిస్తోళ్లు కొనాలనుకుంది. ఎప్పుడూ ఆయుధం పట్టని ఉద్యోగస్తులు, ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు వాటితో నేర్చుకుంటారు. మూడు ఫ్యాక్టరీల నుంచి మూడేసి నమూనాలు వచ్చాయి. ఒకటి బాగా పిరం, ఒకటి మధ్యరకం, ఒకటి కొత్తగా బజారులోకి వచ్చిన అగ్గువ రకం. నూనె తుడిచి సిద్ధం చేయమని కాక నాకిచ్చాడు.

ఆ అగ్గువ రకం నాకు నచ్చింది. చేతిలో బాగా కూర్చుంది, కొలతలు చక్కగా ఉన్నాయి. ఒక్కటే లోపం. మ్యాగజైను నుంచి తూటా గొట్టంలోకి ఎక్కేచోట చిన్న ఏటవాలు మెట్టు ఉంటుంది. అది గరుకుగా ఉంది. గరుకు కనపడితే నా చెయ్యి ఊరుకోదని మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఇనుమును రుద్ది సాపు చేసే సన్నటి ఎమరీ కాగితం తీశాను. మూడు పిస్తోళ్లకూ కలిపి అరగంట పట్టింది. మెట్లు అద్దంలా అయ్యాయి. అది మోసమని నాకు లేశమైనా తోచలేదు. పని చేశాననే అనుకున్నాను, అంతే.

పరీక్షలో అవి గుర్రాల్లా పరుగెత్తాయి. ఒక్కసారి కూడా తూటా ఇరుక్కోలేదు. టేపులు తీసి చూస్తే అగ్గువవి! కాక మొహం వెలిగిపోయింది. చిన్న పేరున్న ఫ్యాక్టరీ పెద్దవాళ్లతో సమానంగా నిలబడితే ఆయనకు అంత సంతోషం. ఇదే తగినదని రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. అర్బాబ్ ఆ కాగితం పట్టుకుని క్లబ్బుకు మాట ఇచ్చేశాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రూములో కోడికూర వండుకున్నాం. కాక ఊరికి వెళ్లే హుషారులో ఉన్నాడు. రెండేళ్ల తర్వాత సెలవు దొరికింది. మనుమరాలి తొట్టెల ఫంక్షనుకు అందుకునేలా వచ్చే గురువారానికి టికెట్టు. పాప కోసం కొన్న గౌను మాకందరికీ రెండుసార్లు చూపించాడు. ఆ ఊపులో నేనూ నోరు విప్పాను.

"ఆ అగ్గువ పిస్తోళ్లు అంత మంచిగ ఎందుకు నడిచినయో ఎరుకేనా కాకా? మెట్టు గరుకున్నదని నేనే సాపు చేసిన. నా చేతి మహిమ" అన్నాను.

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "మూడిట్లనా?"

"మూడిట్ల."

"పరీక్ష కంటె ముందుగాలనా?"

నేను తలూపాను. ఆయన ముద్ద కంచంలో పెట్టేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాకింకా అర్థం కాలేదు. పైగా సమర్థించుకున్నాను. "దాంట్ల ఏమున్నది కాకా? నలభై వచ్చినంక నలభై గూడ నేనే సాపు చేసిస్త. రెండు దినాల పని."

"నలభై చేస్తవ్. కాదన్ననా?" అన్నాడు ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "కొన్నేండ్లకు గొట్టాలు అరుగుతయి. కొత్త గొట్టాలు ఫ్యాక్టరీ నుంచే వస్తయి. అప్పుడు నువ్వెక్కడుంటవో, నేనెక్కడుంటనో? ఇంకో కంపెనీల ఉంటవా, ఆర్మూరుల ఉంటవా? ఆ క్లబ్బోళ్లు ఫ్యాక్టరీని కొంటున్నరు రా, నిన్ను కొంటలేరు. ఫ్యాక్టరీకి మార్కులెయ్యమంటె నీ చేతికి మార్కులేయించినవ్ నాతోని."

నా తల నేలకు వంగిపోయింది. ఇంత చదువు, ఇంత పనితనం అనుకుంటున్నవాడికి, ఆ ఒక్క మాటతో నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున్నే ఖురంలోని ఆఫీసుకు వెళ్లాం. నన్ను రమ్మని ఆయన అనలేదు. నేనే కంపెనీ బస్సులో ఆయన పక్క సీటులో కూర్చున్నాను. ఉద్యోగం పోతుందని నా భయం నాది. అర్బాబ్ పెద్దమనిషే కానీ మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడమంటే అతనికి చావుతో సమానం. కాక ఉర్దూలో విషయం చెప్పగానే అతని మొహం ఎర్రబడింది.

"నీ సంతకం చూసే కదా నేను క్లబ్బుకు మాట ఇచ్చింది?"

"అందుకే వచ్చాను అర్బాబ్. అది తప్పు సంతకం. ఆ కాగితం నాకు వెనక్కి ఇవ్వండి."

"పిస్తోళ్లను ముట్టుకున్నది ఎవరు?"

కాక నా వైపు చూడనైనా లేదు. "నా వర్క్‌షాపులో జరిగింది. నేను చూసుకోవాల్సింది" అన్నాడు. అబద్ధం ఆడలేదు, నన్ను అప్పగించనూ లేదు. నేనే ముందుకొచ్చి, నేను చేశానని చెప్పాను. అర్బాబ్ నన్ను ఎగాదిగా చూసి, అరబ్బీలో ఏదో గొణిగి, రెండు చేతులూ దులుపుకుని "ఖలాస్" అన్నాడు. మా రెండు ఉద్యోగాలూ ఖలాస్ అనుకున్నాను. అతను ఫోను తీసి, అన్ని ఫ్యాక్టరీలకూ కొత్త నమూనాలు పంపమని చెప్పాడు. తర్వాత కాకను అడిగాడు, "మరి నీ సెలవు?"

"పని అయ్యాక పోతాను."

నమూనాలు రావడానికి మూడు వారాలు పట్టింది. తొట్టెల ఫంక్షను కాక ఫోనులో చూశాడు. ఘాలా రూములో మంచం మీద కూర్చుని, ఫోనును దిండుకు ఆనించి, పాపను తొట్టెలో వేస్తుంటే అక్కడి ఆడవాళ్లతో పాటు తనూ పాట అందుకున్నాడు. గౌను కవరులో అలాగే మంచం పక్కన ఉంది. నేను బయటికి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆయన ఒక్క మాట అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. మర్నాడు కూడా ఎప్పటిలాగే "టీ తాగినవా బిడ్డా?" అని అడిగాడు.

కొత్త పెట్టెలు వచ్చినప్పుడు నాకే ఇచ్చాడు. నూనె తుడవడం తప్ప ఇంకేమీ చేయలేదని నా చేత ఒక కాగితం రాయించి, నా సంతకం పెట్టించాడు. "చెయ్యి నీదైనప్పుడు సంతకం గూడ నీదే ఉండాలె" అన్నాడు. అల్ అమెరాత్ దాటాక కొండల మధ్య ఉన్న షూటింగ్ రేంజికి వెళ్లాం. రేంజి అధికారి సాలెం, ఒమనీ ఆయన, తూటాలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఎప్పుడూ పరీక్షకు కాకే కాల్చేవాడు. ఆ రోజు మాత్రం "నువ్వే కాల్చు" అని నా కుడిపక్కన నిలబడ్డాడు.

పిరం రకం, మధ్యరకం సాఫీగా నడిచాయి. అగ్గువ రకం తీసుకున్నాను. మొదటి మ్యాగజైను బాగానే ఖాళీ అయింది. రెండోదానిలో సగానికి రాగానే స్లైడ్ మధ్యలో ఆగిపోయింది. తూటా ముక్కు ఆ గరుకు మెట్టుకు తగులుకుని నిలబడిపోయింది. "చూసినవా కాకా" అంటూ తిరిగాను. తిరగడమంటే తల ఒక్కటే తిరగదు కదా. తలతో భుజం, భుజంతో చెయ్యి, చేతిలో పిస్తోలు. సగం ఎక్కిన తూటా ఎప్పుడు పూర్తిగా ఎక్కుతుందో ఎవరికీ తెలియదు. నా వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది.

అప్పటికే ఆయన చెయ్యి నా మణికట్టును పట్టేసింది. ఆ బక్క చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. "ముందటికి. గొట్టం ముందటికే ఉంచు బిడ్డా" అన్నాడు. గొంతు కొంచెం కూడా పెంచలేదు. నా వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీయించి, మ్యాగజైను లాగి, తూటా కింద పడేసి, పిస్తోలు బల్ల మీద పెట్టాక గానీ నా చెయ్యి వదలలేదు.

"మూడేండ్ల నుంచి ఇదే పనిల ఉన్నవ్. నీకే ఇట్లయింది" అన్నాడు. "రేపు ఏనాడు పిస్తోలు ముట్టనోళ్ల చేతుల తూటా ఇరికితె, ఆళ్లు ఎటు తిరుగుతరు?"

బల్ల పట్టుకుని కూర్చుండిపోయాను. సాలెం నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. నేను ఎమరీ కాగితంతో చెరిపేసింది ఇనుము మీది గరుకును కాదని, ముందే తెలియాల్సిన ఒక ప్రమాదాన్నని అప్పుడు తలకెక్కింది.

కాక రెండో రిపోర్టులో మధ్యరకం కొనమని రాశాడు. అగ్గువ రకాన్ని తిట్టలేదు. కొలతలు మంచివి, ఉక్కు మంచిది, ఆ ఒక్క మెట్టు సరిచేసి పంపితే మళ్లీ చూస్తామని రాసి, ఫ్యాక్టరీకి కూడా ఒక ప్రతి పంపించాడు. ఏడాది తిరిగేలోపు వాళ్లు దాన్ని సరిచేశారు. ఆ తర్వాత వచ్చిన నమూనాలను విప్పి మెట్టు మీద వేలు పెట్టినప్పుడు కాక కళ్లల్లో మెరుపు చూడాలి. సొంత పిల్లవాడు పరీక్ష పాసైనట్టు పొంగిపోయాడు. ఆయన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ముందు ఆ మొహమే కనపడుతుంది.

ఇప్పుడు కాక భీమ్‌గల్ వైపే ఉంటున్నాడు. ఆయన బల్ల నాకిచ్చి వెళ్లాడు. రిపోర్టులు నేను రాస్తున్నాను. నూనె తుడవడం తప్ప ఏమీ చేయలేదన్న ఆ వాక్యం ప్రతి రిపోర్టు పైనా మొదట నా చేత్తోనే రాస్తాను. క్లబ్బులో కొత్తవాళ్లు మొదటిసారి కాల్చే రోజు, డ్యూటీ కాకపోయినా వెళ్లి, వాళ్ల కుడిపక్కన నిలబడతాను. నా చెయ్యి సగం చాచి ఉంటుంది. "ఎందుకలా నిలబడతావు?" అని సాలెం ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. అలవాటు అంటాను. ఆ రోజు మణికట్టు మీద ఆ చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా పడి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణే. నా పక్కన నిలబడ్డ లింబాద్రి కాక ఉండేవాడు కాదు.